రంగు తిరిగిన నీళ్ళు

వంకాయలు కోసి నీళ్ళలో వెయ్యడం మరిచిపోయాను. కత్తిపీట ముందు కూర్చుని నాలుగో కాయ చీలుస్తుండగా పోస్టుమాన్ కిటికీలోంచి ఇన్‌లాండ్ లెటర్ విసిరి వెళ్ళాడు. పుదుచ్చేరి నుంచి. అక్కడ నేను పరిశోధన చేసిన రోజుల్లో స్టోర్ కీపర్‌గా ఉండిన పెద్దాయన రాశారు. ఆయన పద్ధతి ప్రకారం ముందు వానల సంగతి, తరవాత తన మోకాళ్ళ సంగతి. చివర్న, కాయితం మడతపెట్టే చోట, ఇరికించి ఒక్క వాక్యం. గ్లాసులు కడిగే ఆయమ్మ పోయిన నెల చనిపోయిందట, నాకు తెలియజేయాలనిపించిందట.

ఉత్తరం రెండుసార్లు చదివి పక్కన పెట్టి చూస్తే పళ్ళెంలో ముక్కలన్నీ కందిపోయి ఉన్నాయి. వాటిని చూడగానే నాకు ఏడుపు వచ్చింది. ఏడ్చానని గొప్పగా చెప్పుకోవడం లేదు. అది దుఃఖం కాదు, సిగ్గు. ఆ పూట ఆ నల్లబడ్డ ముక్కలే కూర చేసుకుని, చేదుగా ఉన్నా తిన్నాను.

ఆమె పుట్టుపూర్వోత్తరాలు రాయమంటే నా దగ్గర ఏమీ లేవు. నాలుగేళ్ళకు దగ్గరగా రోజూ చూసిన మనిషి గురించి నాకు తెలిసిందల్లా ఇంతే. తాతల నాడెప్పుడో తెలుగు జిల్లాల నుంచి వెళ్ళి పుదుచ్చేరిలో నిలబడిపోయిన వర్తకుల ఇంటి ఆడబిడ్డ. బజారులో వాళ్ళకొక బియ్యం కొట్టు ఉండేది, తరవాత లేదు. ఎందుకు లేదో నేను అడగలేదు. ఆ రోజుల్లో నేను ఎవర్ని ఏమడిగినా అది ఎలుకల గురించే.

డెబ్బైల చివర మాట. ఊళ్ళో సముద్రానికి దగ్గరగా ఒక చిన్న పరిశోధనశాల. పేరు చెప్పను, తప్పు దానిది కాదు గనక. నేను కృష్ణా జిల్లా నుంచి వెళ్ళినదాన్ని. నటేశన్ నగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, సైకిల్ మీద వచ్చిపోయేదాన్ని. మా ల్యాబులో తెలుగు మాట్లాడేవాళ్ళం ఇద్దరమే, నేనూ ఆయమ్మా. మొదటిరోజు ఆమె నన్ను చూసి, "యాడ నుంచి వస్తివి పాపా?" అంటే నాకు ఆనందం కలగలేదు, నవ్వొచ్చింది. అసలు తెలుగంతా మా కాలవ గట్టు మీదే పుట్టిందని నా గర్వం. ఆమె మాటలో సగం అరవం. సాయంత్రం గదికి పోయి ఆ యాసని అనుకరించి పక్కగది అమ్మాయిని నవ్వించేదాన్ని. ఆమెకు మా అమ్మ వయసు. నేను "నువ్వు" అనేదాన్ని, ఆమె "పాపా" అనేది.

పొడుగ్గా, ఎముకలు తేలి ఉండేది. నడుం దగ్గర చీరలో ఎప్పుడూ బాటిల్ బ్రష్ దోపి ఉండేది, పెద్దింటి ఇల్లాలు తాళాలగుత్తి దోపుకున్నట్టు. సీసాలు నానబెట్టే యాసిడ్‌కి వేళ్ళ కొసలు పచ్చబడిపోయి ఉండేవి. ఆ వేళ్ళతోనే పొద్దున్నే మూర మల్లెపూలు తెచ్చుకుని, సింకు పైన మేకుకి తగిలించి, పనయ్యాక తల్లో పెట్టుకుని ఇంటికి పోయేది. ఎందుకట్లా అంటే, "పని చేసేటప్పుడు పెట్టుకుంటే యాసిడ్ వాసన పూలకి పడతాది. పాపం అవేం చేసినాయి?" అంది.

ఆమె గ్లాసు కడగడం చూసి తీరాలి. కడిగిన ఫ్లాస్కుని కిటికీ వెలుతురుకి ఎత్తి వంచేది. నీళ్ళు ఒక్క పొరగా జారిపోవాలి. గోడకి ఎక్కడైనా ఒక్క బొట్టు నిలిచిందా, మళ్ళీ మొదటికి. "ఏడ్చే గ్లాసు నాకు వద్దు" అనేది. సోపు పోవడానికి కుళాయి నీళ్ళతో పదిసార్లు జాడించి తొలపాలని మా రూలు. ఆమె ప్రతి తొలుపుకీ పైకి లెక్కపెట్టేది, వాళ్ళ కొట్టులో బియ్యం కొలిచినట్టే.

"లాభం... రెండు... మూడు... నాలుగు..."

మన ఇళ్ళలో తెలియనిదెవరికి? మానిక పట్టుకున్న చెయ్యి ఒకటి అనదు, లాభం అంటుంది. మా నాయనమ్మా అంతే. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అన్న పాలేరుకి ఆవిడ చేత తిట్లు పడేవి. పుదుచ్చేరిలో, ఇంగ్లీషు మందుల వాసన మధ్య, సింకు దగ్గర్నుంచి ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది గుర్తు పెట్టుకోండి. ఆ లెక్క నాకు బాగా తెలుసు.

ఆమెకున్న కోరిక ఒక్కటే. మా గుమ్మం పక్కన గోడకి ఒక చెక్క బోర్డు ఉండేది, పర్మనెంటు సిబ్బంది పేర్లతో. ఆమె ఎన్నో ఏళ్ళుగా దినకూలీ. సోమవారం సోమవారం ఆ బోర్డుని తడిగుడ్డతో తుడిచేది, కింద ఖాళీగా ఉన్న చోటు దగ్గర ఒక క్షణం ఎక్కువ తుడిచేది. "నా పేరు ఈడ ఎక్కుతాది పాపా. ఫైలు కదలతా ఉండాదంట" అనేది. ఆ ఫైలు సంగతి ల్యాబులో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

తెలుగు చదవడం రాయడం ఆమెకు రాదు. అరవంలో సంతకం మాత్రం చేసేది. ఒకరోజు నేను ఇంటికి ఉత్తరం రాసుకుంటుంటే వెనక నిలబడి చూసింది.

"మా తాత కొట్టు మీద తెలుగులోనే రాసి ఉండెనంట. అక్షరాలు గుండ్రంగా రొంబ అందంగా ఉండాయి గదా? నా పేరు తెలుగులో ఎట్లుంటాదో ఒకసారి రాసి చూపించు పాపా. నేను దాన్ని చూసి చూసి నేర్చుకుంటా. బోర్డు మీద వాళ్ళు అరవంలో రాసుకోనీ, ఇంగ్లీసులో రాసుకోనీ. నాకు తెలిసుండాల గదా."

పేరు కూడా చెప్పింది. "రేపు రాసిస్తాలే ఆయమ్మా" అన్నాను. ఆ రేపు ఏ గోడ మీద రాసి ఉందో మీకు తెలుసు. మళ్ళీ ఒకటి రెండుసార్లు అడిగింది, "సుమ్మా, ఊరికే అడుగుతా ఉండా, పని ఉంటే పోనీలే" అంటూ. మూడోసారి అడగలేదు.

ఇప్పుడు నా ఎలుకల గొడవ కాస్త చెప్పాలి. మెదడు కింద, ముక్కుకి వెనకగా, ఎముకలో చిన్న గిన్నెలాంటి గుంట ఉంటుంది. అందులో పిట్యూటరీ అనే గ్రంథి. మనిషిలో శనగగింజంత, ఎలుకలో పెసరబద్దంత. దాని నుంచి వచ్చే హార్మోన్లలో చాలావాటికి మెదడు నుంచి "కదులు" అని కబురు రావాలి. ప్రొలాక్టిన్, అంటే తల్లికి పాలు పడేట్టు చేసే హార్మోను, ఒకటి మాత్రం తిక్కది. వదిలేస్తే దానంతటది కారుతూనే ఉంటుంది. దానికి పైనుంచి "ఆగు, ఆగు" అని కబురు వస్తూ ఉండాలి. ఆ కబురు పేరు డోపమైన్. అది కణం పైపొర మీద తన చోట్లో కూర్చుంటే, లోపల సైక్లిక్ ఏఎంపీ అనే ఇంకో కబురు తగ్గుతుంది, హార్మోను నింపుకున్న సంచులు గుమ్మం దాటవు. నా పని దాన్ని కొలతల్లో చూపించడం. గ్రంథిని రెండు సగాలు చేసి, ఒక సగాన్ని ఉత్త ద్రావణంలో, రెండో సగాన్ని డోపమైన్ కలిపిన ద్రావణంలో గోరువెచ్చగా ఉంచాలి. తరవాత ఏ నీళ్ళలోకి ఎంత ప్రొలాక్టిన్ దిగిందో మద్రాసుకు పంపి కొలిపించాలి. ఉత్త నీళ్ళలో ఎక్కువ దిగాలి, డోపమైన్ నీళ్ళలో తక్కువ దిగాలి. ఇంతే.

"ఏంది పాపా, దినమూ ఆ ఎలక తలకాయలో ఏం ఎతుకుతావు?" అని ఆయమ్మ ఒకసారి అడిగితే, ఊసుపోక ఇదంతా ఆమెకి చెప్పాను. చీపురు గోడకి ఆనించి శ్రద్ధగా వింది.

"అట్లంటే అత్త మాదిరి అను. కోడలు పాలు పొయ్యి మీద పెట్టి పక్కింటిదాంతో మాట్లాడతా ఉంటాది. అత్త నిలబడి, చూడవే చూడవే అంటా ఉంటే పాలు గిన్నెలో ఉంటాయి. అత్త ఊరికి పోయిందా, పాలు పొయ్యి పాలు!"

పకపకా నవ్వాం ఇద్దరం. ఈనాటికీ క్లాసులో నేను డోపమైన్ గురించి చెప్పేటప్పుడు ఈ అత్తాకోడళ్ళ పోలికే చెప్తాను. పిల్లలు నవ్వుతారు, మేడమ్ భలే చెప్తారంటారు. అది ఎవరి మాటో ఇన్నేళ్ళలో ఒక్క క్లాసుకీ చెప్పలేదు.

డోపమైన్ పొడి విదేశం నుంచి రావాలి. నెలల తరబడి కాచుకుంటే చిటికెడు వచ్చేది. అందుకని పిసినారిగా వాడేదాన్ని. పొద్దున్నే ఒక ఫ్లాస్కుడు ద్రావణం కలిపి సముద్రం వైపు కిటికీ దగ్గర పెట్టుకుని, సాయంత్రం దాకా అందులోంచే తీసేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం ఆయమ్మ సింకు దగ్గర్నుంచి వచ్చి ఆ ఫ్లాస్కు ముందు నిలబడింది.

"పాపా, ఈ నీళ్ళు రంగు తిరిగినాయి."

నేను తలెత్తకుండా, "అది మందు రంగు" అన్నాను.

"లేదు. పొద్దున తెల్లగా ఉండె. నేనే గదా ఆ ఫ్లాస్కు కడిగి ఇస్తి. ఇప్పుడు చూడు, రోజాపూవు కడిగిన నీళ్ళ మాదిరి ఉండాది. నిన్నా అట్లే ఉండె. సాయంత్రం మిగిలింది పారబోసేటప్పుడు ఇంకా నల్లగా తిరగతాది."

చూశాను. నిజమే, లేత గులాబీ. అంత లేతది కంటపడాలంటే రోజంతా గాజులోంచి వెలుతురు చూసే కళ్ళుండాలి. నాకది పెద్ద సంగతిగా తోచలేదు. ఆమె ఊరుకోలేదు.

"గాలికి కందతా ఉండాది. వంకాయ కోసి పెడితే నల్లబడదా? మా ఇంట్లో మజ్జిగ నీళ్ళలో వేస్తాం. మజ్జిగ లేదంటే ఒక నిమ్మకాయ పిండితే చాలు, పొద్దున కోసింది సాయంత్రానికీ తెల్లగా ఉంటాది. దీంట్లో కూడా ఒక బొట్టు నిమ్మకాయ పిండు పాపా."

ఇక చూడండి నా సంబరం. సాయంత్రం టీ దగ్గర అందరికీ ఇంగ్లీషులో అభినయించి మరీ చెప్పాను. అరుదైన మందులో నిమ్మకాయ పిండమంటోంది మా ఆయమ్మ, రేపు పోపు కూడా పెట్టమంటుందేమో అని. అందరూ విరగబడి నవ్వారు. ఆ తరవాత ఎవరి ప్రయోగం చెడినా "నిమ్మకాయ పిండావా?" అనేది ల్యాబులో ఒక పరిహాసం అయిపోయింది. ఆయమ్మకి ఇంగ్లీషు రాకపోయినా తననే నవ్వుతున్నారని తెలుసు. తనూ నవ్వేది. "నవ్వుకోనీ, నవ్వితే ఏం పోతాది? నువ్వు మాత్రం పిండి చూడు" అని నా చెవిలో మళ్ళీ అంది. నేను పిండలేదు.

మద్రాసు నుంచి కొలతలు వచ్చాయి. పొద్దున చేసిన వాటిలో డోపమైన్ బాగానే పని చేసింది. మధ్యాహ్నం చేసిన వాటిలో చెయ్యలేదు. ఆపవలసిన హార్మోను ఆగలేదు, ఉత్త నీళ్ళలో దిగినంతే అందులోనూ దిగింది. ఏడాది పని గంగలో కలిసింది.

ప్రొఫెసర్‌గారు ఉత్తరాది మనిషి. చెడ్డవారు కాదు, ఓపిక తక్కువ. కొలతల పట్టిక పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను. స్కాలర్‌షిప్ గడువు దగ్గర పడుతోంది, పనికిరానిదని ఇంటికి పంపేస్తారని నా భయం. ఆయన కళ్ళజోడు ఇంట్లో మరిచి వచ్చారు, పట్టికలో అంకెలు నన్నే చదవమన్నారు. నేను డోపమైన్ వరుస చదివాను. ఉత్త ద్రావణం వరుస చదవలేదు. ఆ వరుసలో అంకెలన్నీ దివ్యంగా ఉన్నాయి. ఆ ఫ్లాస్కులూ ఆయమ్మ కడిగినవే. ఆ రెండో వరుస చదివి ఉంటే కడగడంలో లోపం లేదని కళ్ళజోడు లేకుండానే ఆయనకి తెలిసిపోయేది.

"ఎందుకిలా?" అన్నారు.

నా నోట్లోంచి వచ్చేసింది. "గ్లాసులకి సోపు మిగిలిపోతోందేమో సార్."

ఆయన లేచి తిన్నగా సింకు దగ్గరికి వచ్చారు. ఆయమ్మని కడిగి చూపించమన్నారు. పెద్దసారే తన పని చూడడానికి వచ్చాడని ఆమె మురిసిపోయింది. బ్రష్ తీసి, ఫ్లాస్కు తోమి, కొంగు దోపుకుని, ఆయనకి వినపడాలని గొంతు పెంచి మరీ మొదలుపెట్టింది.

"లాభం... రెండు... మూడు..."

ఆయనకి కూరగాయల బేరంలో నేర్చుకున్న అరవ అంకెలు కొన్ని వచ్చు, రెండూ నాలుగూ రెండు భాషల్లోనూ దగ్గరే. పది అయ్యేదాకా ఆగి, నావైపు తిరిగి ఇంగ్లీషులో అడిగారు. "మొదట ఏదో అంది, తరవాత రెండు నుంచి మొదలుపెట్టింది. ఆ మొదటిది లెక్కా, ప్రార్థనా?"

ఆ ల్యాబులో, ఆ అంతస్తులో, దానికి జవాబు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మా నాయనమ్మ కొలిచిన ధాన్యం తిని పెరిగినదాన్ని. అది మొదటి తొలుపు సార్, మా వాళ్ళు అలాగే లెక్కపెడతారు, సరిగ్గా పదిసార్లూ తొలిపింది అంటే అయిపోయేది. ఆయమ్మ నావైపే చూస్తోంది నవ్వుమొహంతో, నేను ఏదో మంచి మాట చెప్తానని.

"వాళ్ళ ఇంటి అలవాటు సార్, ఏదో" అన్నాను.

"అంటే తొమ్మిదిసార్లే. అదీ రోజూ" అన్నారు ఆయన. నేను చేతిలో పట్టిక మడుచుకున్నాను. ఆయమ్మ పచ్చబడ్డ వేళ్ళతో ఫ్లాస్కుని వెలుతురుకి ఎత్తి ఆయనకి చూపించింది. ఒక్క బొట్టు నిలవలేదు. ఆయన అది చూడకుండానే గదిలోకి వెళ్ళిపోయారు.

జరిగింది రాసి ఇమ్మన్నారు. రాశాను, ఇంగ్లీషులో, నా చేత్తో. ఫిర్యాదులో ఆయమ్మ అని రాయలేం, పేరు కావాలి. అప్పుడు గుర్తు చేసుకుంటే గుర్తు రాలేదు. తన పేరు రాసి చూపించమని ఆమె నోరు తెరిచి చెప్పిన పేరు! స్టోర్ కీపర్‌ని అడిగాను. ఆయన కాయితం వైపూ నా వైపూ చూసి, "ఇన్నాళ్ళుగా ఉన్నావు, పేరు తెలీదామ్మా?" అన్నారు అరవంలో, మెల్లగా. తరవాత ఒక్కో అక్షరమే చెప్పారు. నేను రాసుకున్నాను.

కాయితం ఆ ఫైల్లోకి వెళ్ళింది. బోర్డు మీద కొత్త పేర్లు ఎక్కాయి, ఆమెది ఎక్కలేదు. ఆమెను ల్యాబు నుంచి తీసి బయట వరండాలు ఊడ్చే పనికి వేశారు. తీసేసిన మర్నాడు నా బల్ల దగ్గరికి వచ్చింది. కోపంగా వస్తుందేమోనని నేను పుస్తకంలో తల దూర్చాను.

"పాపా, నిజం చెప్పు. నా గ్లాసు ఏడ్చినదా?"

పని పోయిందని అడగలేదు. బోర్డు సంగతి అడగలేదు. అదొక్కటే అడిగింది.

"నాకు తెలీదు ఆయమ్మా, అంతా పెద్దసారే" అన్నాను. ఆమె మేకుకి ముందురోజు మిగిలిపోయిన పూలు తీసుకుని వెళ్ళింది. ఆ ఏడు పూర్తవకముందే వరండా పని కూడా పోయింది. మనిషి కనపడడం మానేసింది.

తరవాత కొన్ని నెలలకి లైబ్రరీకి ఓడ మీద వచ్చిన పాత పత్రికల కట్టలో ఒక వ్యాసం చదివాను. నేను చేసే ప్రయోగమే ఎవరో చేశారు. చేసిన విధానం రాసిన చోట, చిన్న అక్షరాల్లో, డోపమైన్ గాలికీ వెలుతురుకీ పాడైపోతుంది గనక కొద్దిగా ఆస్కార్బిక్ ఆమ్లంతో కలిపి, అప్పటికప్పుడు తయారుచేశామని ఉంది. ఆస్కార్బిక్ ఆమ్లం అంటే విటమిన్ సి. నిమ్మకాయలో ఉండేది.

లైబ్రరీ బల్ల మీద అట్లాగే కూర్చుండిపోయాను. ల్యాబుకి వచ్చి చూస్తే ఆస్కార్బిక్ ఆమ్లం సీసా మా అలమరలోనే ఉంది, నిండుగా, ఎవరూ తెరవకుండా. ఆయమ్మ దాని మీద దుమ్ము రోజూ తుడిచేది. చిటికెడు తీసి కలిపాను. సాయంత్రానికి కూడా నీళ్ళు తెల్లగానే ఉన్నాయి. ఆ తరవాత పట్టికలన్నీ కొలిచి పోసినట్టు వచ్చాయి. ప్రొఫెసర్‌గారు భుజం తట్టారు.

ఆ రోజే ఆయన గదిలోకి వెళ్ళి చెప్పి ఉండొచ్చు. తప్పు గ్లాసుది కాదు సార్, నాది, ఆమె లెక్క సరిగ్గా పదే అని. వెళ్ళాను కూడా. తలుపు దాకా వెళ్ళి, ఎందుకు వచ్చావంటే, సంతకం కోసం సార్ అన్నాను. థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ పొడుగ్గా రాశాను. ప్రొఫెసర్‌గారికి, మద్రాసు వాళ్ళకి, స్టోర్ కీపర్‌కి, టైపు చేసినాయనకి, ఎలుకలకి మేత వేసినాయనకి కూడా. ఆ పేజీ ఇప్పుడు తెరవాలంటే భయం.

ఎనభైల్లో ఒకసారి డిగ్రీ కాయితాల కోసం పుదుచ్చేరి వెళ్ళాను. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చింది, చేతికి వాచీ, భుజానికి తోలు సంచీ. బస్టాండులో నిలబడి ఉంటే వెనకనుంచి, "పాపా! యాడ పోతివి ఇన్ని దినాలు?" అని వినపడింది. తిరక్కుండానే తెలిసింది ఎవరో.

జుట్టు బాగా నెరిసింది. విల్లియనూరులో ఒకరింట్లో వంట చేస్తోందట, సామాను కొనుక్కుని ఆ బస్సుకోసం చూస్తోంది. వేళ్ళ పసుపు పోయింది. నా మొహం రెండు చేతులతో పట్టుకుని, చిక్కిపోయావంది. పెళ్ళయిందా అంది, అమ్మా నాయనా బాగున్నారా అంది. తరవాత, చాలా ముఖ్యమైన సంగతి ఇప్పుడే గుర్తొచ్చినట్టు, దగ్గరికి వచ్చి అడిగింది.

"అది చెప్పు. నీ రంగు నీళ్ళు ఏమాయె? తెల్లగా నిలిచినాయా?"

"నిలిచాయి ఆయమ్మా."

"నిమ్మకాయ పిండితివా?" ఆమె కళ్ళు మెరిశాయి, పందెం గెలిచిన పిల్లలా.

పిండాను ఆయమ్మా, నువ్వు చెప్పిందే నిజం, నీ మాట వల్లే నాకు డిగ్రీ వచ్చింది అనొచ్చు. ఖర్చు లేని మాట. నేను వాచీ చూసుకున్నాను.

"లేదు, అది వేరే మందు" అన్నాను.

ఆమె మొహం ఒక్క క్షణం వాడింది. వెంటనే సర్దుకుంది. "పోనీలే. ఏది కలిపితే ఏంది, తెల్లగా ఉంటే సరి" అంది.

విల్లియనూరు బస్సు వచ్చింది. సంచీ ఎత్తుకుని ఎక్కుతూ, మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగింది.

"ఆ కాయితం రాసింది నువ్వేనని స్టోరాయన నాతో చెప్పె. నేను నమ్మలా. మన తెలుగు పాప, అట్లా రాయదు అంటి. ఆయనతో కొట్లాడి వస్తి."

నవ్వుతూనే అంది. కండక్టరు విజిల్ వేశాడు. బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. ఆమె నిజంగా నమ్మలేదో, నమ్మి కూడా నాకు ఒప్పుకోవడానికి ఒక్క అవకాశం ఇచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఏదైనా ఒకటే, నేను ఒప్పుకోలేదు. విల్లియనూరు ఎంత దూరమని? మర్నాడు వెళ్ళొచ్చు. మర్నాడు నేను రైలెక్కాను.

ఇది రాయడానికి కూర్చున్నప్పుడు ఆమె పేరుతోనే మొదలుపెట్టాలనుకున్నాను. నా జన్మలో ఆ పేరు నేను రాసింది ఒక్కసారే, ఇంగ్లీషులో, ఆ ఫిర్యాదులో. కనీసం ఇప్పుడైనా తెలుగులో రాద్దామని వేరే కాయితం తీసుకుని, కొట్టు మీద బోర్డుకి రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. గుండ్రంగా, ఆమె అన్నట్టే రొంబ అందంగా ఉంది. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. తరవాత ఆ కాయితం మడిచి పెట్టెలో పెట్టేశాను. ఆ పేరు తెలుగులో ఎలా ఉంటుందో చూడాలని అడిగిన మనిషి ఈ లోకంలో ఒక్కతే. ఆమెకి చూపించనిది మీకెలా చూపించను?